చేసుకున్నవాళ్లకు చేసుకున్నంతేనా?

మా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఏడాదిన్నర తేడాతో పోయారు. పెద్దాయన మా పెదనాన్న. యాభై ఎనిమిదేళ్లకు గుండెపోటు వచ్చింది. రెండో ఆయన బాబాయి. యాభై రెండేళ్లకు లివరు పాడై, పొట్టలో నీరు చేరి, రక్తపు వాంతులతో పోయాడు. పెదనాన్న పోయిన రోజున వాకిట్లో కూర్చున్న పెద్దలు "మహానుభావుడు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయాడు" అన్నారు. బాబాయి పోయిన రోజున అదే వాకిట్లో, అదే షామియానా కింద, చాలావరకు ఆ పెద్దలే "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నారు. పిన్నికి వినపడేలాగే అన్నారు.

పెదనాన్న రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాడు. ఆవకాయన్నంలో నెయ్యి వేసుకునేవాడు కాదు, నేతిలో ఆవకాయన్నం వేసుకునేవాడు. డాక్టరు రాసిన మాత్రలు వేడి చేస్తున్నాయని మానేశాడు. ఈ సంగతులు ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. వచ్చినా ముచ్చటగా వచ్చాయి. "మంచి భోజనప్రియుడు" అన్నారు. బాబాయి సారాయితో మొదలై చీప్ లిక్కర్ దగ్గర ఆగాడు. ఆయన్ని మాత్రం ఎవరూ పానప్రియుడు అనలేదు.

మా తాత నలభై తొమ్మిదో ఏట పొలంగట్టు మీద గుండె ఆగి పోయాడు. తాత తమ్ముడు తాగి తాగి పోయాడు. అంటే అన్నకైనా తమ్ముడికైనా వంశంలో చూపించడానికి ఒక మనిషి ఉన్నాడు. పెదనాన్న విషయంలోనే "వాళ్ల నాన్నకూ ఇంతే కదా, వంశంలో ఉంది" అన్నారు. బాబాయి దగ్గరికి వచ్చేసరికి వంశం మాయమైంది, మనిషి ఒక్కడే మిగిలాడు.

ఈ వాకిలి తీర్పుకు ఈమధ్య చదువుకున్నవాళ్ల రూపం ఒకటి వచ్చింది. వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. జబ్బులు రెండు రకాలట. ఒకటి జన్యువుల్లో రాసి ఉన్నది. దానికి మనిషి బాధ్యుడు కాదు కాబట్టి జాలి చూపాలి, చందా ఇవ్వాలి, సర్కారు ఖర్చు పెట్టాలి. రెండోది అలవాట్లతో తెచ్చుకున్నది. లావు, షుగరు, తాగుడు, పొగతో వచ్చిన క్యాన్సర్ ఇందులోకి వస్తాయి. వాటికి మనిషే బాధ్యుడు కాబట్టి ముందు బుద్ధి చెప్పాలి, ఆ తర్వాత ఓపిక మిగిలితే జాలి. పన్ను కట్టే నేను నోరు కట్టుకోలేనివాడి ఆస్పత్రి ఖర్చు ఎందుకు భరించాలి అని అడిగేవాళ్లంతా ఈ సిద్ధాంతం మీదే నిలబడతారు. అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపుల్లో ఇది వారానికోసారి కనిపిస్తుంది. డాక్టర్ల నోటా విన్నాను.

అంతెందుకు, ఇది మన ఆరోగ్య బీమా కాగితాల్లో అచ్చయి ఉంది. జన్యుపరమైన జబ్బులకు డబ్బివ్వబోమనే షరతు వివక్ష అని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు అంది. ఆ తర్వాత నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా ఆ కారణంతో క్లెయిములు తిరస్కరించవద్దని కంపెనీలకు చెప్పింది. మంచిదే. అదే సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో పన్నెండోది చదవండి. మద్యం, మత్తుమందులు, ఏ రకమైన వ్యసనానికైనా చేసే చికిత్సకు, వాటివల్ల వచ్చిన పర్యవసానాలకు డబ్బు రాదు. ఆరోది స్థూలకాయం. బరువు తగ్గించే ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ కనీసం నలభై ఉండాలి, లేదా కనీసం ముప్ఫై అయిదు ఉండి దానితోపాటు తీవ్రమైన జబ్బు ఉండాలి. కొవ్వు పేరుకున్న రక్తనాళంలో స్టెంటు వేయడానికి ఇలాంటి షరతేమీ లేదు. నువ్వు ఎంత నెయ్యి తిన్నావు, ఎన్ని మాత్రలు మానేశావు అని క్లెయిము ఫారం అడగదు. పెదనాన్నకు డబ్బొస్తుంది, బాబాయికి రాదు. మా వాకిట్లో పెద్దలు చెప్పిన తీర్పే ఇంగ్లీషులో, నంబరు వేసి ఉంది.

ఈ గీత జన్యుశాస్త్రం గీసింది కాదు. ఆ శాస్త్రం పేరు చెప్పుకుని మనం గీసుకున్నది.

బ్రిటన్‌లో కొందరు పసిపిల్లలు విపరీతంగా లావెక్కిపోయారు. తల్లిదండ్రులే కావాలని మేపుతున్నారని సాంఘిక సంక్షేమ అధికారులు అనుమానించారు. ఆ పిల్లల్లో కొందరి పేర్లను ప్రమాదంలో ఉన్న పిల్లల జాబితాలోకి ఎక్కించారు. అందులో పేరు ఎక్కితే వ్యవహారం పిల్లల్ని ఇంట్లోంచి తీసుకుపోయేదాకా వెళ్లవచ్చు. కేంబ్రిడ్జిలో సదాఫ్ ఫరూకీ బృందం అలాంటి పిల్లల డీఎన్‌ఏ పరీక్షించి, పదహారో క్రోమోజోములో ఒక ముక్క లోపించిందని 2009లో ప్రకటించింది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడంలో పనిచేసే జన్యువొకటి ఆ ముక్కలో ఉంటుంది. ఈ సంగతి తేలాక ఆ పేర్లు జాబితాలోంచి తీసేశారు.

ఇక్కడ కాస్త ఆగాలి. పేరు తీసేసిన రోజున ఆ పిల్లల బరువు ఒక్క కిలో తగ్గలేదు. కంచంలో తిండి మారలేదు. వంట చేసే చెయ్యీ మారలేదు. ఒక రిపోర్టు వచ్చింది, అంతే. నిన్నటిదాకా బిడ్డల్ని హింసిస్తున్నవాళ్లు ఇవాళ పాపం, కష్టంలో ఉన్న అమ్మానాన్నలయ్యారు. ఆ జన్యులోపం 2009లో పుట్టింది కాదు, మనకు తెలిసింది అప్పుడు. మరి పాతికేళ్ల ముందు అదే లోపంతో పెరిగి, తిట్లు తిని, స్కూల్లో గేలి పడి, అమ్మ చేత అన్నం దాచిపెట్టించుకున్న పిల్లల మాట? లోపం ఏ క్రోమోజోములో ఉందో ఇప్పటికీ తేలనివాళ్ల మాట? ప్రయోగశాల ఎంతవరకు వచ్చిందన్నదాన్ని బట్టి మనిషి నేరస్థుడో నిర్దోషో అవుతున్నాడంటే, ఆ తీర్పుకు అతని నడవడితో సంబంధం లేదన్నమాట.

అదే బృందం అంతకుముందు తొమ్మిదేళ్ల పిల్ల ఒకర్తికి వైద్యం చేసింది. ఆమె బరువు 94 కిలోలు. పాకిస్తాన్ నుంచి ఇంగ్లండ్‌కు వలస వెళ్లిన కుటుంబం, మన మేనరికాల్లాంటి దగ్గరి సంబంధాలు. లెప్టిన్ అనే హార్మోను ఆమె ఒంట్లో తయారవదు. ఆ హార్మోనును రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్మన్ కనిపెట్టింది 1994లో. ఒక తరం ముందు పుట్టి ఉంటే ఆమెకు ఏమీ లేదు, ఆబ తప్ప. రోజూ ఇంజెక్షను మొదలుపెట్టాక ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గింది. ఆ పిల్లకు ఎవరూ సంకల్పబలం ఎక్కించలేదు. హార్మోను ఎక్కించారు.

ఇవి అరుదైన కేసులు, మా పక్కింటావిడకు అంత జబ్బేమీ లేదు, ఫ్రిజ్ దగ్గర నిలబడి తింటుంది అంటారా? అయితే డెన్మార్కు వెళ్దాం. దత్తత రికార్డులు అక్కడ చక్కగా ఉన్నాయి. ఆల్బర్ట్ స్టంకార్డ్, మరికొందరు కలిసి 540 మంది దత్తపుత్రులను, పుత్రికలను చూసి 1986లో ప్రచురించారు. పెద్దయ్యాక వాళ్ల లావు, సన్నం కన్న తల్లిదండ్రులతో సరిపోయింది. పెంచి, వండి, పెట్టిన తల్లిదండ్రులతో ఏ సంబంధమూ కనిపించలేదు. "ఆ ఇంట్లో తిండే అంత" అనే మాట మనం ఎంత ధీమాగా అంటాం!

షుగరు సంగతి ఇంకా తమాషా. చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 పాపం పుట్టుకతో వచ్చిందంటారు, పెద్దలకు వచ్చే టైప్ 2 తెచ్చుకున్నదంటారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల లెక్క దీన్ని తిరగేస్తుంది. ఒకరికి షుగరు ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం టైప్ 2లోనే ఎక్కువ. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. ఇంతమంది ఒకేసారి నోరు కట్టుకోవడం మరిచిపోయారా?

పుణేలో డాక్టర్ యాజ్నిక్ ఉన్నారు. ఆయనా, లండన్‌కు చెందిన డాక్టర్ యడ్కిన్ అనే మిత్రుడూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఆ తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది. తల్లి కడుపులో చాలీచాలని తిండితో, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు పెద్దయ్యాక షుగరు ముప్పు ఎక్కువని ఆయన దశాబ్దాలుగా చెబుతున్నారు. అంటే మీ షుగరులో మీ అమ్మ తినలేకపోయిన అన్నం కూడా ఉంది. దానికి మిమ్మల్ని నిలదీసేవాడెవడు? నిలదీస్తూనే ఉన్నారు, పెళ్లి భోజనాల్లో బూరె వైపు చెయ్యి చాస్తే చాలు.

ఇక తాగుడు. కవలల మీద, దత్తతపిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వ్యసనంగా మారే తాగుడులో వంశం వాటా సుమారు సగం. ఈ సగం అన్న మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. బాబాయి తాగిన సీసాలో సగం జన్యువులు, సగం ఆయన తాగారని కాదు. జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఎంత భాగం వంశపు తేడాతో కలిసి నడుస్తోందో చెప్పే లెక్క అది. ఒక మనిషి మీద తీర్పు చెప్పడానికి పనికిరాదు, తిట్టడానికీ పనికిరాదు, వదిలేయడానికీ పనికిరాదు. విపరీతంగా తాగేవాళ్లలో కూడా సిరోసిస్ దాకా వెళ్లేది కొద్దిమందే. ఎవరు వెళతారన్నది తేల్చే జన్యువుల్లో ఒకటి 2008లో దొరికింది. ఆ జన్యువులోని ఒక రకం కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేస్తుంది. పక్క కుర్చీలో కూర్చుని అంతే తాగినవాడు ఎనభై ఏళ్లు బతికి మనవల పెళ్లిళ్లు చేయడం మీరు చూసే ఉంటారు. ఆయన్ని మనం "గట్టిపిండం" అంటాం. చూశారా, అక్కడ మాత్రం పిండం దగ్గరికి వెళ్లాం.

దీనికి రెండో వైపు ఉంది. దాన్ని ఎవరూ తలచుకోరు. చైనా, జపాన్, కొరియా జనంలో చాలామందికి మద్యాన్ని అరిగించే ఒక ఎంజైము పనిచేయదు. ఒక గుక్క తాగితే మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఆ రకమే వచ్చినవాళ్లు తాగుబోతులవడం చాలా అరుదు. వాళ్లలో ఒకడు మన ఊళ్లో పుట్టి ఉంటే నలుగురిలో ఏమని పేరొచ్చేది? చుక్క ముట్టని నిష్ఠాపరుడని. నా మటుకు నాకు మూడో పెగ్గుకే తలనొప్పి వస్తుంది. మా ఇంట్లో దాన్ని నా సంస్కారం కింద జమ కట్టారు. బాబాయికి ఆ తలనొప్పి రాలేదు.

ఇంతవరకు ఒప్పుకుని నాతో వచ్చినవాళ్లలో కొందరు ఇప్పుడు తొందరపడి ఒక మాట అంటారు. "అయితే అన్నీ జన్యువులే. అందరికీ ఈ సంగతి చెబుదాం. అప్పుడు అందరూ అందరి మీదా జాలిపడతారు." దయగలవాళ్ల నమ్మకం ఇది. వ్యసన విముక్తి పోస్టర్లలో, మానసిక ఆరోగ్య దినోత్సవ ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. వాకిలి తీర్పును ఎంత గట్టిగా కాదంటానో దీన్నీ అంత గట్టిగానే కాదంటాను.

జన్యుశాస్త్రం కొన్ని నిందలు తీసేసిన మాట నిజమే. ఆటిజం ఉన్న పిల్లవాడి తల్లి ప్రేమ లేని మంచుగడ్డ అని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఓ లావుపాటి పుస్తకం రాసి నమ్మించాడు. కవలల అధ్యయనం 1977లో వచ్చాక ఆ మాట క్రమంగా చచ్చింది. ఆ తల్లుల తరఫున శాస్త్రానికి దండం పెట్టాల్సిందే. కానీ నింద పోయినచోట జాలి మొలుస్తుందని ఎవరు చెప్పారు? జర్మనీలో 1990 నుంచి 2011 వరకు జనం అభిప్రాయాలు ఎలా మారాయో పరిశీలించారు. స్కిజోఫ్రేనియా మెదడుకు సంబంధించిన జబ్బని నమ్మేవాళ్లు పెరిగారు. ఆ రోగి పక్కింట్లో ఉంటే, తోటి ఉద్యోగి అయితే సరేననేవాళ్లు మాత్రం పెరగలేదు, తగ్గారు. పుట్టుకలోనే ఉందంటే ఇక మారడు కదా అని జనం భయపడ్డారు.

ఈ భయాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లు జర్మనీ దాకా వెళ్లనక్కర్లేదు. మన పెళ్లిసంబంధాల్లో "వంశంలో ఉంది" అన్న మాటకు అర్థం ఏమిటి? అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు తవ్వి, మేనత్తకు మతి చలించిందని తెలిస్తే సంబంధం వదులుకుంటాం. అక్కకు బొల్లి మచ్చ వస్తే చెల్లెలి పెళ్లి ఆగుతుంది. అక్క తప్పేమీ లేదని అందరికీ తెలుసు. తెలిసే ఆపుతారు. తలసీమియా బిడ్డ పుడితే తల్లి దగ్గర్నుంచీ తండ్రి దగ్గర్నుంచీ చెరొక జన్యువు వచ్చిందని డాక్టరు బొమ్మ గీసి చూపిస్తాడు. ఇంటికి వచ్చాక ఆ బొమ్మలో సగం చెరిగిపోతుంది. మిగిలేది కోడలి కడుపు ఒక్కటే. పూర్వజన్మ పాపం అనే సిద్ధాంతం ఎలాగూ చేతిలో ఉంది. జన్యువు రుజువైన జబ్బుకు కూడా నేరం అంటగట్టగల నేర్పు మనది.

చరిత్రలో ఇంతకన్నా ఘోరం ఉంది. జర్మనీలో నాజీలు 1933 జులైలో ఒక చట్టం చేశారు. పుట్టు మందబుద్ధి, స్కిజోఫ్రేనియా, వంశపారంపర్య మూర్ఛ, అంధత్వం, చెవుడు ఉన్నవాళ్లకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయవచ్చన్నారు. ఆ చట్టంలో తీవ్రమైన తాగుడును కూడా చేర్చారు. దాదాపు నాలుగు లక్షల మంది దాని కత్తి కింద పడ్డారు. గుడ్డివాడిదీ తాగుబోతుదీ ఒకే రకం జబ్బని, ఇద్దరి దోషమూ రక్తంలోనే ఉందని మొట్టమొదట సర్కారీ కాగితం మీద ఒప్పుకున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు. ఆరేళ్ల ముందు, 1927లో, అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి ఆపరేషనుకే పచ్చజెండా ఊపింది. జన్యువు అన్న మాట వింటే గుండె కరుగుతుందనుకునేవాళ్లు ఈ రెండు తేదీలూ గోడ మీద రాసుకోవాలి.

2012లో అమెరికాలో 181 మంది జడ్జీలకు ఒక కల్పిత కేసు ఇచ్చారు. నేరస్థుడు సైకోపాత్. అతని మెదడు తీరుకు జన్యు కారణాన్ని కొందరికి వివరించారు, కొందరికి చెప్పలేదు. వివరణ అందినవాళ్లు వేసిన శిక్ష సగటున ఒక సంవత్సరం తగ్గింది. సుమారు పద్నాలుగేళ్లకు బదులు దాదాపు పదమూడు. అదే వివరణను చదివి, ఇతను బయటికొస్తే మళ్లీ చేస్తాడేమోనని రాసిన జడ్జీలూ ఉన్నారు. వాదన ఏ వైపు తిప్పితే ఆ వైపు తిరుగుతుంది.

మరి జాలి దేన్ని బట్టి పుడుతోంది?

2021లో హైదరాబాద్‌లో ఒక మూడేళ్ల పిల్లవాడికి పదహారు కోట్ల రూపాయల ఇంజెక్షను కావాలని ఊరూవాడా కదిలింది. జబ్బు పేరు ఎస్ఎంఏ. వెన్నుపాములోని నరకణాలు చనిపోయి కండరాలు వాలిపోతాయి. వేలమంది ఫోన్లలో డబ్బు పంపారు. నేనూ అయిదొందలు వేశాను, వేసినందుకు సంతోషంగానే ఉంది. ఆ జబ్బు లెక్క ఇది: తల్లిలో ఒక లోపపు జన్యువు, తండ్రిలో ఒకటి, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. బిడ్డ తప్పేమీ లేదు.

ఇప్పుడు పాడేరు వైపు, ఉట్నూరు వైపు చూడండి. సికిల్ సెల్. తల్లిలో ఒక లోపపు జన్యువు, తండ్రిలో ఒకటి, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. బిడ్డ తప్పేమీ లేదు. ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. ఎముకల్లో నొప్పి మొదలైతే పెద్దవాళ్లే కేకలు పెడతారు. మన దేశంలో ఈ జబ్బును నీలగిరి ఆదివాసుల్లో గుర్తించింది 1952లో. దీన్ని నిర్మూలించే జాతీయ కార్యక్రమం మొదలైంది 2023 జులైలో, మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో. మధ్యలో డెబ్బై ఒక్క ఏళ్లు. నొప్పి విరుచుకుపడటాన్ని తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్రకు పదహారు కోట్లు అక్కర్లేదు, ఖరీదు రూపాయల్లోనే ఉంటుంది. దానికోసం మీ ఫోనుకు ఎప్పుడైనా ఒక్క మెసేజి వచ్చిందా? నాకు రాలేదు. ఆశ్రమ పాఠశాలలో కాళ్లు పట్టేస్తున్నాయని ఏడ్చే గిరిజన పిల్ల మొదట వినేది "దొంగవేషాలు" అన్న మాట.

రెండూ జన్యువులే, ఒకే సూత్రం, ఒకే అమాయకత్వం. ఒక పిల్లవాడు మన పిల్లవాడిలా ఉన్నాడు, మనలాంటి ఇంట్లో, మనలాంటి సోఫా మీద, మనం కూడా కొనే టీషర్టు వేసుకుని. రెండో పిల్ల మనకు ఎవరూ కాదు. ఇంతకుమించి తేడా నాకు దొరకలేదు.

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ సికిల్ సెల్ రోగులు సుమారు లక్షమంది, చాలామంది నల్లవాళ్లు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే మరో జన్యు జబ్బు రోగులు అందులో మూడో వంతు ఉంటారేమో, ఎక్కువమంది తెల్లవాళ్లు. ఒక్కో రోగికి లెక్కగడితే పరిశోధన డబ్బు, విరాళాలు రెండో జబ్బుకే ఎన్నో రెట్లు ఎక్కువ. నొప్పి భరించలేక అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చి గట్టి నొప్పిమందు అడిగిన సికిల్ సెల్ రోగిని మత్తుకోసం వచ్చాడేమోనని అనుమానిస్తారు. ఆలోచించండి. జన్యు జబ్బుల జాబితాలో ఉన్నవాణ్ణి తెచ్చి వ్యసనపరుల జాబితాలో పడేశారు, చర్మం రంగు చూసి. హెచ్ఐవీకి కూడా ఇలాంటి మెట్లే కట్టారు. రక్తం ఎక్కించినప్పుడు సోకినవాడు పై మెట్టు, మొగుడివల్ల సోకిన ఇల్లాలు దాని కింద, ఒళ్లమ్ముకునే మనిషి అట్టడుగున. వైరస్ ఒక్కటే.

మన చట్టాలు కూడా ఈ ఎగుడుదిగుళ్లను మోస్తూనే ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియాలను వైకల్యాలుగా గుర్తించింది. ఉద్యోగాల్లో నాలుగు శాతం కోటా దగ్గరికి వచ్చేసరికి ఈ మూడింటినీ బయట నిలబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉందని చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అది దానంగా వచ్చింది, కోటా హక్కుగా రావాలి.

ఇక్కడ మా పిన్ని అడ్డుపడుతుందని నాకు తెలుసు. "బాగానే ఉందిరా, మీ బాబాయి జన్యువుల కథ. నా చెవి కమ్మలు అమ్మింది జన్యువులా? ఆ రాత్రి నన్ను వాకిట్లోకి నెట్టింది క్రోమోజోమా?" ఈ వ్యాసానికి వచ్చే అభ్యంతరాలన్నిట్లో గట్టిది ఇదే. వాట్సప్ గ్రూపు పన్ను చెల్లింపుదారుకు జవాబు చెప్పడం తేలిక, పిన్నికి కాదు.

పిన్నికి నేను చెప్పగలిగింది ఇంతే. కొట్టడం వేరు, సిరోసిస్ రావడం వేరు. బాబాయి ఆమెను కొట్టినందుకు జవాబు చెప్పుకోవాల్సినవాడు, పోలీసుల ముందైనా సరే. తాగినా తాగకపోయినా, వంశంలో ఏమున్నా సరే. అది ఆమెకు రావాల్సిన బాకీ. కానీ ఆయన పొట్టలో నీరు ఆ బాకీకి వసూలు కాదు. ఆయన రక్తం కక్కుతుంటే ఆమె కమ్మలు తిరిగి రాలేదు. ఆ మంచం పక్కన నిలబడి "చేసుకున్నావు, అనుభవించు" అన్నవాళ్లలో ఒక్కడైనా ఆమెను కొట్టిన రోజుల్లో గుమ్మం దాటి వచ్చి అడ్డుపడ్డాడా? అప్పుడు "మొగుడూ పెళ్లాల గొడవ" అన్నారు. బాధ్యత అడగాల్సినప్పుడు అడగకుండా, ఆయన చేతులు పైకెత్తలేని స్థితికి వచ్చాక నీతి చెప్పారు. వాళ్లది న్యాయం అని నేను అనుకోను. ఖర్చులేని శూరత్వం అది.

బాధ్యత ఎలా అడగాలో తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. వాళ్ల మొగుళ్లు తాగేవాళ్లు, కొట్టేవాళ్లు, కూలిడబ్బులు లాక్కునేవాళ్లు. "మా మగాళ్లు చెడ్డవాళ్లు" అని వాళ్లు అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. సారా ఎవరు పంపుతున్నారు, వేలంపాట ఎవరు పాడుతున్నారు, డబ్బు ఎక్కడికి పోతోంది అని అడిగారు. 'వారుణి వాహిని' పేరుతో ప్యాకెట్ల సారాను పల్లెపల్లెకూ చేర్చింది ప్రభుత్వమే మరి. వేలంపాటలను అడ్డుకున్నారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో అది ఎత్తేశారు. మొగుడి కాలేయం ఎవరి పాపమో తేల్చుకునే పని వాళ్లు పెట్టుకోలేదు. రేపు పొద్దున ఊళ్లోకి సారా రాకూడదు, అంతే.

ఆ ప్రశ్న ఇవాళ ఎవరు అడుగుతున్నారు? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా మద్యం దుకాణాలు నడిపింది ప్రభుత్వమే. ఇప్పుడు ప్రైవేటు వాళ్లు నడుపుతున్నారు, పన్ను ప్రభుత్వానికే పోతుంది. సీసా అమ్మినప్పుడు అది ఖజానా ఆదాయం, తాగినవాడి లివరు చెడితే వాడి స్వయంకృతం. బీమా కంపెనీ పన్నెండో మినహాయింపు చూపిస్తుంది. పన్ను కట్టే నేను వాడి ఖర్చు ఎందుకు భరించాలని అడిగే పెద్దమనిషికి ఇంత సంగతి తోచదు: వాడు ముప్ఫై ఏళ్లపాటు ప్రతి సాయంత్రం, రొక్కంగా, తనకన్నా క్రమం తప్పకుండా పన్ను కట్టాడు.

పోయిన నెల ఒళ్లు మొత్తం పరీక్ష చేయించుకుందామని ఒక ల్యాబుకు వెళ్లాను. ఫారం ఇచ్చారు. కుటుంబ చరిత్ర అని ఒక గడి, దాని కింద గుండె, షుగరు, బీపీ, క్యాన్సర్, ఆస్తమా అని చిన్న చిన్న పెట్టెలు. గుండె దగ్గర టిక్కు పెట్టి పక్కన తాత, పెదనాన్న అని రాశాను. మిగతా పెట్టెలన్నీ రెండుసార్లు చూశాను. మార్జిన్‌లో చోటు చేసుకుని "తాగుడు: చిన్నతాత, బాబాయి" అని రాశాను.

కౌంటర్‌లో అమ్మాయి ఫారం తీసుకుని చదివింది. చెడ్డపిల్లేమీ కాదు, మర్యాదగానే అడిగింది.

"సర్, ఇది హిస్టరీ కాదు కదండీ, హ్యాబిట్ కదా. కొట్టేయమంటారా?"